కండ్లు నెత్తికెక్కిన పిల్ల

పిల్ల పేరు రమ్య అనుకుందాం. 16 ఏళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. ఇల్లు వరంగల్ కొత్తవాడలో. తండ్రి జంపఖానాలు నేస్తాడు. తల్లి నూలు కండెలు చుడుతూనే వాకిట్లో చిన్న కిరాణం చూసుకుంటుంది. పేరుతో పాటు వాళ్ళను పోల్చుకునే వీలున్న వివరాలు ఒకటి రెండు మార్చాను. కేసు రాస్తానంటే ముగ్గురూ ఒప్పుకున్నారు. రమ్య మాత్రం ఒక షరతు పెట్టింది: "పెద్దక్షరాలల్ల రాయుండ్రి మేడం, నేను గూడ చదువుకోవాలె."

నేను హనుమకొండలో ఆప్టోమెట్రిస్టుని. నా పనిలో సగం అద్దాల నంబర్లు. మిగతా సగం లో విజన్, అంటే మందులు, ఆపరేషన్లు, అద్దాలు చేయగలిగిందంతా అయిపోయాక కంట్లో మిగిలిన చూపుతో రోజు ఎట్లా గడుపుకోవాలో చూపించే పని. దీనికోసం వచ్చేవాళ్ళు ఆఖరి ఆశ పట్టుకుని వస్తారు. అందుకని మొదటి పది నిమిషాలు ఆశ తగ్గించే మాటలే మాట్లాడడం నాకు అలవాటైపోయింది. రమ్య దగ్గర ఆ అలవాటే నన్ను బోల్తా కొట్టించింది.

మొదటి రోజు

రెటీనా (కంటి వెనక పొర) డాక్టరు గారు పంపిన చీటీలో రెండు లైన్లు: రెండు కళ్ళలోనూ స్టార్‌గార్ట్ జబ్బు, అద్దాలతో మెరుగుపడదు, లో విజన్ సాయం చూడగలరు. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో నాలుగేళ్ళ కాగితాలు, మూడు పాత కళ్ళజోళ్ళు.

చార్టు ముందు కూర్చోబెట్టాను. పిల్ల కళ్ళు పైకెత్తింది, చార్టుకు పైన ఉన్న ట్యూబ్‌లైటు వైపు. "పైకి కాదమ్మా, సూటిగా చార్టును చూడు" అన్నాను. రోజుకు యాభై సార్లు నా నోట్లోంచి వచ్చే మాటే. రమ్య కళ్ళు దించి సూటిగా చూసింది. కుడి కంటితో 6/60 వరసలో, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల దగ్గరికొస్తేగాని చదవలేని వరసలో, ఒక అక్షరం చెప్పింది. ఎడమ కంటితో అదీ రాలేదు. రాసుకున్నాను. ఆశ తగ్గించే మాటలు మొదలుపెట్టాను. సైన్సు గ్రూపు కష్టమవుతుందని, ఆర్ట్స్‌కు మారితే మేలని కూడా చెప్పబోయాను. ఇంతలో లోపలి గదిలో మరో పేషెంటు ఎదురుచూస్తుంటే, వీళ్ళను కాసేపు బయట కూర్చోమన్నాను.

బయట బెంచీకి ఎదురు గోడ మీద టోకెన్ నంబర్లు చూపించే ఎర్ర లైట్ల బోర్డు ఉంది. ఫైలు కోసం నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి రమ్య ఫ్యాను చూస్తున్నట్టు తల పైకెత్తి తండ్రితో అంటోంది: "17 వచ్చింది బాపూ, మనది ఇంకా రెండు ఉన్నయ్."

నిజంగానే బోర్డు మీద 17 ఉంది.

ఊరికే పోనిచ్చే సంగతి కాదది. 6/60 అక్షరం 6 మీటర్ల దూరంలో దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 4 మీటర్లకైతే అందులో మూడింట రెండు వంతులు, అంటే 6 సెంటీమీటర్లు. బెంచీ నుంచి బోర్డు నాలుగు మీటర్లే, అయితే దాని మీద అంకె ఎత్తు 4 సెంటీమీటర్లకు మించదు. సాయంత్రం స్కేలు పెట్టి కొలిచాను కూడా. నేను కాగితం మీద రాసిన చూపుతో ఈ పిల్ల ఆ అంకె చదవకూడదు.

మళ్ళీ లోపలికి పిలిచాను. "నీకు ఎట్లా చూస్తే కనిపిస్తుందో అట్లానే చూడమ్మా. తల తిప్పినా సరే, ఎటు చూసినా సరే" అన్నాను. రమ్య చార్టు వైపు తిరగలేదు. ముందు తండ్రి మొహం వైపు తిరిగింది. ఆయన ఏమీ అనలేదు. అప్పుడు ట్యూబ్‌లైటును చూస్తూ 6/60 వరసంతా చదివేసింది. 6/36లో ఐదింటికి మూడు చెప్పింది.

కన్ను అదే, గది అదే. రెండు కొలతలకూ మధ్య తేడా 20 నిమిషాలు, నా నోటి మాట ఒకటి.

అంతకు ముందు నాలుగేళ్ళు

కథ ఏడో తరగతిలో మొదలైంది. బోర్డు మీది అక్షరాలు కనపడటం లేదని పిల్ల చెబితే ముందు బెంచీకి మార్చారు. తర్వాత అద్దాలు. అద్దాలు పనిచేయకపోతే ఇంకో నంబరు, ఆపైన ఇంకోటి. స్టార్‌గార్ట్ మొదట్లో కంటి వెనక పొరలో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. లోపల చూస్తే అంతా మామూలే, పిల్ల మాత్రం కనపడటం లేదంటుంది. ఆ దశలో ఒకచోట "చదువు తప్పించుకోను నాటకం" అని తేల్చేశారు. అన్నవాళ్ళను ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదు, అట్లా చాలామంది పిల్లల విషయంలో జరుగుతుంది. కానీ ఆ మాట ఇంట్లో రెండేళ్ళు కూర్చుంది. చివరికి పోయినేడు హైదరాబాద్‌లో రెటీనా పొరలు చూపించే ఓసీటీ స్కానూ, రెటీనా ఆటోఫ్లోరెసెన్స్ ఫొటోలూ తీశాక అసలు పేరు బయటపడింది.

ఈలోగా రమ్య ఎవరూ నేర్పకుండానే ఒక పద్ధతి పట్టుకుంది. ఎదుటి మనిషి మొహం కనపడాలంటే వాళ్ళ నెత్తికి పైన ఎక్కడో చూడాలి. అట్లా చూస్తే మొహం కింద తేలుతుంది, మసకగానైనా. సార్ ప్రశ్న అడిగితే రమ్య చూపు పైకప్పు మీద ఉండేది. "ఆకాశంల రాసి ఉన్నదా జవాబు?" అని క్లాసంతా నవ్వేలా అన్నారట. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మేనత్త ఎదురొచ్చి నవ్వితే రమ్య సూటిగా చూసి కూడా పలకరించలేదు. సూటిగా చూసింది కాబట్టే కనపడలేదు. రెండోసారి ఎదురైనప్పుడు గుర్తుపట్టాలని కళ్ళు పైకెత్తి చూసింది. మేనత్త ఇంటికొచ్చి వదినతో అన్న మాట: "నీ బిడ్డకు కండ్లు నెత్తికెక్కినయ్ వదినా, మనిషిని జూసి మొగం పైకి లేపుతది."

తండ్రి కూడా తిట్టేవాడు. మనిషి కండ్లల్లకు చూసి మాట్లాడాలె అనేది ఆయన పట్టుదల. నా గదిలో పిల్ల ముందుగా ఆయన అనుమతి ఎందుకు చూసిందో ఇదంతా విన్నాక అర్థమైంది. నేను అన్నది కూడా అదే మాట కదా, కొంచెం మర్యాదగా.

బొటనవేలు

జబ్బు ఏమిటో చెప్పాలి. రెటీనా నడిమధ్యన మాక్యులా, దాని మధ్యలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల గుంట లాంటి చోటు, ఫోవియా. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మొహం పోల్చుకోవడం అన్నీ ఇక్కడి పనే. స్టార్‌గార్ట్‌లో సరిగ్గా ఈ నడిమి భాగమే దెబ్బతింటుంది. 1909లో జర్మన్ కంటి డాక్టర్ కార్ల్ స్టార్‌గార్ట్ దీన్ని వర్ణించాడు. కారణమైన ఏబీసీఏ4 జన్యువును 1997లో గుర్తించారు. విటమిన్ ఎ వాడుకలో పుట్టే చెత్త సరిగ్గా బయటికి పోక కంటి వెనక పేరుకుంటూ పోతుంది, దాంతో నడిమి కణాలు చస్తాయి. చుట్టుపక్కల రెటీనా మాత్రం చాలామందిలో చాలాకాలం బాగుంటుంది. అందుకే ఈ పిల్లలు నడిచేటప్పుడు దేనికీ తగలరు, కింద పడ్డ రూపాయి బిళ్ళ తీసుకుంటారు, పుస్తకం మాత్రం చదవలేరు. చూసేవాళ్ళకు నాటకంలా అనిపించేది ఇందుకే.

తండ్రికి ఇదంతా బొమ్మ వేసి చెప్పాను. ఆయన తలూపాడు. తలూపడం అర్థమై కాదు, చదువుకున్నవాళ్ళు చెబుతుంటే ఊపాలి కాబట్టి. "మరి నడుమ నల్లగ కనవడాలె గద మేడం? నల్లగ ఏం లేదంటది పిల్ల" అన్నాడు. మంచి ప్రశ్న. బొమ్మ పక్కన పెట్టి ఆయన వేళ్ళే వాడాను.

చేతులు ముందుకు చాపి రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన నిలబెట్టమన్నాను. ఎడమ కన్ను మూయాలి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూడాలి, చూపు కదలకూడదు. ఇక కుడి బొటనవేలిని మెల్లగా కుడి పక్కకు జరపాలి. మొదటిసారి ఆయన చూపు వేలితో పాటే పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి, జానెడు కంటే కొంచెం తక్కువ దూరం జరిగాక చెయ్యి ఆగిపోయింది.

"ఏలు పోయింది."

ఇంకొంచెం జరిపాడు. "అగో, మల్ల వచ్చింది." వెనక్కి తెచ్చాడు. "పోయింది."

వేలు పోయినచోట ఏం కనిపిస్తోందని అడిగాను. కాసేపు అట్లాగే చూశాడు. "గోడనే ఉన్నది. మీ గోడ ఆకుపచ్చ రంగే ఉన్నది."

కంటి నరం రెటీనాలోంచి బయటికి పోయే చోట చూసే కణాలు ఉండవు. చూపు గురికి 15 డిగ్రీలు బయటి పక్కగా ప్రతి మనిషికీ ఒక గుడ్డి మచ్చ ఉంటుంది. ఫ్రాన్సులో ఎడ్మే మారియట్ 1660లలో దీన్ని కనిపెట్టేదాకా ఇంత పెద్ద లోటు తమ కంట్లో ఉందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే మెదడు ఆ చోటిని చుట్టుపక్కల రంగుతో నింపేస్తుంది. రమ్యకు నడిమధ్యన జరుగుతున్నది అదే. సూటిగా చూస్తే మేనత్త మొహం ఉండాల్సిన చోట బతుకమ్మ గుంపు రంగులే కనపడ్డాయి.

ఆయన చెయ్యి దించలేదు. వేలిని పోగొట్టుకుంటూ, తెచ్చుకుంటూ ఇంకో నాలుగైదు సార్లు చేశాడు. "46 ఏండ్ల సంది నా కంట్ల బొక్క ఉన్నదా?" అన్నాడు. తర్వాత బిడ్డ వైపు తిరిగాడు. "నీకు గీడ ఉన్నదా బిడ్డా, నడుమ?" రమ్య ఆయన నెత్తి మీదుగా గోడ గడియారాన్ని చూస్తూ, అంటే ఆయన మొహాన్నే చూస్తూ, అవునంది.

ఈ పరీక్ష నేను పాఠంలా చాలామందికి చూపించాను. ఇంట్లోవాళ్ళకు చూపించాలన్న ఆలోచన మాత్రం అప్పటిదాకా సరిగ్గా రాలేదు. పేషెంటుకు దాని అవసరమే లేదు, వాళ్ళకు తెలుసు.

గురి మార్చడం

రమ్యకు ఏం కావాలని అడిగితే మూడు చెప్పింది: బోటనీ పుస్తకం సొంతంగా చదవాలి, బోర్డు కనపడాలి, అత్త ఎదురైతే తనే ముందు పలకరించాలి. తల్లి ఏమీ కోరలేదు. తండ్రి మాత్రం చూపు తిరిగొస్తుందా అని అడిగాడు, రాదని చెప్పాను.

మేం చేసేదాన్ని పక్కచూపు శిక్షణ అనొచ్చు. నడిమి చూపు పోయినవాళ్ళు రెటీనాలో బాగున్న ఇంకో చోటిని గురిగా వాడుకోవడం. దీనికి హద్దు ఉంది. నడిమధ్య నుంచి పక్కకు జరిగేకొద్దీ చూపు పదును వేగంగా పడిపోతుంది. 10 డిగ్రీలు జరిగితే ఆరోగ్యమైన కంట్లోనైనా సూటి చూపులో సుమారు ఐదో వంతే మిగులుతుంది. కాబట్టి బాగున్న చోట్లలో నడిమికి దగ్గరిది ఏదో వెతకాలి. నా ముక్కును గడియారం మధ్యభాగం అనుకోమని, 12 వైపు చూడు, 1 వైపు చూడు అంటూ చుట్టూ తిప్పిస్తాం. ఏ అంకె వైపు చూస్తే నా మొహం తేటగా ఉందో చెప్పాలి. రమ్యకు 12. అంటే పిల్ల నాలుగేళ్ళుగా చేస్తున్నదే సరైనది. నేను దాని పేరు కనుక్కున్నానంతే.

చదవడంలో మాత్రం ఒక చిక్కు కనిపించింది. పుస్తకం ఇస్తే రమ్య పైకి చూడలేదు. మెడ ఎడమకు తిప్పి, కళ్ళను కుడికి జరిపి చదివింది. అట్లా చూస్తే చచ్చిన భాగం మాటకు కుడి పక్కన కూర్చుంటుంది. తెలుగైనా ఇంగ్లీషైనా ఎడమ నుంచి కుడికే కదా, రాబోయే మాట ఎప్పుడూ ఆ ముసుగులోనే ఉంటుంది. నిమిషానికి 24 మాటలు చదివింది, వేలితో తడుముకుంటున్నట్టు. కళ్ళు పైకి తిప్పితే ముసుగు కూడా పైకి పోతుంది, వరస దాని కింద మొత్తం బయటపడుతుంది. మొహాలకు అంత చక్కగా పనికొచ్చిన పైచూపును పుస్తకానికి ఎందుకు వాడలేదు? అడిగితే నవ్వింది. "పుస్తకం ముందర వెట్టుకొని పైకి జూస్తె దెబ్బలు పడ్తయ్ గద మేడం. మెడ తిప్పితె ఎవరు పట్టుకోరు." తిట్లు తప్పించుకోవడానికి పక్క గురి అలవాటు చేసుకుందని నా ఊహ. రుజువు చేయలేను. కానీ వేరే కారణం నాకు తోచలేదు.

కాబట్టి పుస్తకానికి కూడా 12 అంకె వైపే గురి మార్చాలని పెట్టుకున్నాం. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. కన్ను కదపకుండా నిలిపి, దాని కింద కాగితాన్ని ఎడమకు జరుపుతూ పోవాలి. మామూలుగా మనం కాగితం నిలిపి కన్ను జరుపుతాం, ఇది దానికి తిరగేసిన పద్ధతి. చాలా విసుగు పని. రెండు వారాలకు తలనొప్పులు మొదలయ్యాయి, మూడో వారం రమ్య మానేసింది. ఫోన్ చేస్తే తల్లి ఎత్తి "పిల్ల సతాయిస్తుంది మేడం" అంది, నన్ను నొప్పించకుండా.

దారి చూపించింది తండ్రి. నేను నల్ల చార్టు అట్టలో సన్నని కిటికీ కోసి ఇచ్చాను, ఒక్క వరసే కనపడి మిగతా పేజీ కప్పుకునేలా. వరస తప్పకుండా ఉండటానికి అది ఉపయోగం. పైన ఎక్కడ చూడాలో తెలియక కన్ను మాటిమాటికీ కిందికి జారుతోందని పిల్ల చెప్పిందట. ఆయన ఆ అట్టకు కిటికీ పైన రెండు వేళ్ళ ఎత్తున ఎర్ర నూలు పోగు అడ్డంగా బిగించాడు, రెండు చివర్లా గాటు పెట్టి, సడలకుండా. "పోగును జూడు, అక్షరం కింద దొరుకుతది" అన్నాడు. నాలుగో వారం దాన్ని నా దగ్గరికి తెచ్చినప్పుడు నేను పోగును వేలితో మీటి చూశాను. మగ్గం మీది పడుగులాగే ఉంది బిగువు. అట్ట ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా ఉంటే, ఏ వైపు పైకి పెట్టాలని అడిగాడు. నలుపు పైకి, మెరుపు తగ్గుతుందని చెప్పాను. "మా జంపఖానకైతె గీ రంది లేదు, ఎటు పరిసినా ఒకటే" అన్నాడు.

ఇంట్లో టీవీ పైన గోడకు కూడా ఎర్ర నూలు కుచ్చు ఒకటి వేలాడదీశాడు. పిల్ల కుచ్చును చూస్తుంది, టీవీ కనిపిస్తుంది. చుట్టాలు వచ్చి దిష్టికి కట్టారా అని అడుగుతారట.

తెలుగు లిపి గురించి ఒక మాట. పక్కచూపులో అసలు ఇబ్బంది అక్షరం చిన్నదవడం ఒక్కటే కాదు, పక్క అక్షరాలు మీద పడి నలిపేయడం. ఇంగ్లీషులో ఆ నలుపుడు ఎడమా కుడీ వైపులే. మనకు కింద వత్తులు, పైన గుడులు, ఎత్వాలు. "రాష్ట్రం" అనే మాటలో ఒక అక్షరం కింద రెండు వేలాడుతుంటాయి. రమ్య ఇంగ్లీషు మాటలు చదివిన సైజులోనే తెలుగు మామూలు మాటలు చదివేది, వత్తులున్న చోట ఆగిపోయేది. ప, వ, ష ఎట్లాగూ ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళు. సైజు పెంచుతూ పోతే పేజీకి నాలుగే మాటలు పడతాయి. సైజు అట్లాగే ఉంచి అక్షరాల మధ్య, వరసల మధ్య ఎడం పెంచి ప్రింటు తీసి ఇస్తే మేలైంది. బోటనీ ఇంగ్లీషు మీడియం కావడం ఇక్కడ కలిసొచ్చింది. తెలుగు పేపరుకు మాత్రం ఆ ఎడం ప్రింట్లే గతి.

అద్దాలు, మాత్రలు, సర్టిఫికెట్

అన్నిటికంటే చవకైన భూతద్దం దగ్గరికి జరగడం. పుస్తకం 25 సెంటీమీటర్ల నుంచి 10కి తెస్తే అక్షరం రెండున్నర రెట్లు పెద్దదవుతుంది. రమ్య 25 దగ్గర ఎన్ 24 సైజు (ఎన్ పక్కన అంకె పెద్దదైతే అక్షరం పెద్దది) చదివితే 10 దగ్గర ఎన్ 10 చదివింది, పాఠ్యపుస్తకానికి దాదాపు సరిపోయేంత. దగ్గర పెట్టుకుంటే కండ్లు ఖరాబైతయని ఇంట్లో వద్దనేవారు. ఈ జబ్బులో దాంతో చెడేది ఏమీ లేదు. కన్ను అలిసిపోకుండా +10 పవరు చదివే అద్దాలు, రెండు కళ్ళూ ఒకేచోట కలవడానికి ప్రిజం కలిపి రాశాను. నేను ఇచ్చినవాటిలో పిల్ల వదలకుండా వాడినవి ఇవే. బోర్డు కోసం ఇచ్చిన చేతి టెలిస్కోపు రెండుసార్లు తీసింది, "దూర్బీను" అని పేరు పెట్టారని సంచిలో పడేసింది. నేను బలవంతం చేయలేదు. బోర్డును ఫోన్‌తో ఫొటో తీసుకునేందుకు కాలేజీలో అనుమతి అడిగాం, ఇచ్చారు.

ఇంట్లో విటమిన్ ఎ మాత్రలు వేయిస్తున్నారు, కండ్లకు మంచిదని ఎవరో చెబితే. వెంటనే ఆపించి డాక్టరు గారితో మాట్లాడించాను. ఈ జబ్బులో విటమిన్ ఎ ఎక్కువ మోతాదు నష్టమే. పొన్నగంటి కూర, క్యారెట్ వగైరా మామూలు తిండికి భయం లేదు. ఎండలో టోపీ, యూవీ ఆపే చలువద్దాలు.

తల్లిదండ్రులది మేనరికం. ఆమెకు ఆయన మేనమామ. జబ్బు రావాలంటే ఇద్దరి నుంచీ చెడిన జన్యువు అందాలి, ఇద్దరూ మోస్తూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ సంగతి చెప్పేటప్పుడు తల్లి నేల చూపులు చూసింది. ఎవరి తప్పూ కాదని నేనంటే వినపడిందో లేదో. మేనత్త కొడుకుకు రమ్యను అనుకుంటున్నారన్న విషయం నేను ఎత్తలేదు, తండ్రే ఎత్తాడు. రమ్య పెళ్ళి నేను మాట్లాడాల్సింది కాదు. లెక్క మాత్రం చెప్పాను: మేనత్తకు కూడా ఆ జన్యువు ఉండే అవకాశం సగం, ఆమె కొడుకుకు అందులో సగం. ముందు జన్యు పరీక్ష చేయించుకోమన్నాను.

సర్టిఫికెట్ దగ్గర ఒక అనుమానం వచ్చింది. "గిప్పుడు మంచిగ చదువుతుంది గద, సర్టిఫికెట్ రాకపోతదా?" దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం మెరుగైన కంట్లో, అద్దాలు పెట్టాక కూడా, 6/18 కంటే తక్కువ నుంచి 3/60 దాకా ఉంటే లో విజన్ కిందికే వస్తుంది. 6/36 అందులోదే. శాతం ఎంతన్నది మెడికల్ బోర్డు తేలుస్తుంది. సూటిగా చూసి కొలిపించుకోవాలా, పైకి చూసి కొలిపించుకోవాలా అని రమ్య అడిగింది. ఎట్లా కనిపిస్తే అట్లా అన్నాను. పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని వద్దంది, అదనపు సమయం చాలంది. దివ్యాంగుల పరీక్షల మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలు, మూడు గంటల పేపరుకు ఒక గంట.

ఆర్ట్స్‌కు మారమనబోయిన నా సలహా మొదటి రోజే నోట్లో ఆగిపోవడం అదృష్టం. నాకున్న పెద్ద భయం ల్యాబ్, ముఖ్యంగా మైక్రోస్కోపు. ఆలోచించి చూస్తే ఆ గదిలో రమ్యకు అన్నిటికన్నా అనుకూలమైన వస్తువు అదే. పుస్తకంలో అక్షరాన్ని పెద్దది చేయడానికి మేం అన్ని తంటాలు పడుతుంటే, అక్కడ ఉల్లిపొర కణం తనంతట తనే గాజు నిండా పరుచుకుని ఉంది. పైగా ఐపీస్ మీద ఫోన్ పెడితే తెర మీద ఇంకా పెద్దగా వస్తుంది. ల్యాబ్‌లో మిగతా పిల్లలు ఒక కన్ను మూసి అవస్థ పడుతుంటే రమ్య ఫోన్ చుట్టూ మూగారట.

12 వారాల తర్వాత

చదివే వేగం నిమిషానికి 24 మాటల నుంచి 51కి వచ్చింది. దూరపు చూపు అదే 6/36, మెరుగుపడలేదు, పడదు కూడా. ఏకబిగిన చదవగలిగేది 40 నిమిషాలు. తర్వాత ఆడియో. సాయంత్రం చీకటి పడ్డాక బయట తడబడుతుంది. స్కూటీ నడపాలని ఉంది, కుదరదని చెప్పాను. ఆ రోజు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. జబ్బు ఇంకా ముందుకు పోవచ్చు, గురి మళ్ళీ వెతుక్కోవాల్సి రావచ్చు. అది వాళ్ళకు చెప్పే ఉంచాను. మేనత్త విషయం సగమే తీరింది: గొంతు వింటే పట్టుకుంటుంది, గుంపులో మొహం చూసి పట్టుకోవడం ఇంకా రావటం లేదు. మేనత్తే ఇప్పుడు దూరం నుంచి "ఓ రమ్యా" అని అరుస్తుందట.

నా పరీక్ష కాగితంలో చూపు కొలత పక్కన "ఎటు చూసి చదివారు" అనే గడి ఒకటి పెట్టుకున్నాను. పాత లో విజన్ ఫైళ్ళు తీసి ఇద్దరిని మళ్ళీ పిలిపించి కొలిచాను. ఒకరికి తేడా ఏమీ రాలేదు. పరకాల నుంచి వచ్చే పెద్దాయనకు రెండు వరసలు వచ్చింది. ఆయనను ఎన్నిసార్లు సూటిగా చూడమన్నానో లెక్క లేదు.

చివరిసారి వచ్చినప్పుడు రమ్య తమ్ముణ్ణి కూడా తెచ్చారు. తొమ్మిదేళ్ళవాడు. జన్యువు సంగతి విన్నప్పటి నుంచి తల్లికి నిద్ర లేదు. రెటీనా డాక్టరు గారి దగ్గర ఓసీటీ తీయించారు, మామూలుగానే ఉంది. అయినా నా దగ్గర చార్టు చదివిస్తేగాని నమ్మనంది. వాడు కుర్చీలో సగం లేచి, గడ్డం ముందుకు పెట్టి, రెండు కళ్ళతోనూ విడివిడిగా చివరి వరస దాకా గడగడా చదివేశాడు. 6/6 అని రాశాను. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. తండ్రి మాత్రం ఫైలు వైపు, నా వైపు చూసి అడిగాడు:

"వాణ్ణి గూడ ఎట్ల జూస్తె అట్ల సూడనిచ్చిండ్రా మేడం, లేకపోతె సూటిగనే సూడుమన్నరా?"